కింది వార్డుకు ఎవరి పేరు? సైనికుల ఆశ్రమంలో ఒక భాగానికి పేరు మార్చడం వెనుక ఉన్న చిక్కులు

"మా వార్డు పేరు మారుస్తారట బాబూ. పింఛను కాగితాల్లో నా చిరునామా కూడా మార్పించుకోవాలా?"

విజయవాడ శివార్లలోని ఒక ఆశ్రమంలో ఉంటున్న రిటైర్డ్ హవల్దారు గారు పోయిన నెల నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. అక్కడ ఉన్నవారిలో ఎక్కువ మంది మాజీ సైనికులు, సైనికుల భార్యలు. కింది అంతస్తులో మంచం పట్టినవారు, మతిమరుపు ముదిరినవారు ఉంటారు. దాన్ని అందరూ 'కింది వార్డు' అంటారు. ఆ వార్డును బాగుచేయించడానికి ముందుకొచ్చిన దాత తన తండ్రి పేరు పెట్టమన్నారు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరై, ఆ తర్వాత పదకొండేళ్లు ఇదే వార్డులో పనిచేసి కన్నుమూసిన ఒకాయన పేరు పెట్టాలని అక్కడ ఉండేవారిలో కొందరు కోరుతున్నారు.

మాట్లాడుకుంటున్న కొద్దీ ఒక్కొక్కరు ఒక్కో విషయం గురించి వాదిస్తున్నారని అర్థమైంది. ఒకరు ఆస్తి గురించి, ఇంకొకరు గౌరవం గురించి, మరొకరు చట్టం గురించి చెబుతున్నారు. హవల్దారు గారి దిగులు మాత్రం పింఛను గురించి. వీటిని విడదీసి చూస్తేనే వ్యవహారం తెమిలేది.

పేరుతో ఏది మారుతుంది, ఏది మారదు

ఒక సంస్థకు మూడు రకాల పేర్లు ఉంటాయి. మొదటిది రిజిస్ట్రేషన్ పేరు. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద, ట్రస్టు అయితే ట్రస్టు దస్తావేజులో ఉండే పేరు. బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ నమోదు అన్నీ ఆ పేరుతోనే ఉంటాయి. రెండోది భవనం చిరునామా: డోర్ నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్. మూడోది లోపలి పేరు: ఫలానా వార్డు, ఫలానా బ్లాకు, ఫలానా హాలు.

మొదటి పేరు మార్చాలంటే సర్వసభ్య సమావేశం, తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర నమోదు అవసరం. ఆ తర్వాత బ్యాంకుకూ ఆదాయపు పన్ను శాఖకూ తెలియజేయాలి. లోపలి పేరు మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. సంస్థ నియమావళి ప్రకారం కార్యవర్గం తీర్మానిస్తే సాధారణంగా సరిపోతుంది. ఆస్తి ఎవరిదో వారిదే. వార్డుకు తండ్రి పేరు పెట్టించినంత మాత్రాన దాతకు ఆ గోడల మీద హక్కు రాదు. మంచాల కేటాయింపులో, పనివాళ్ల నియామకంలో మాట చెల్లదు. అలాంటి హక్కు కావాలంటే విడిగా ఒప్పందంలో రాసుకోవాలి, ఆ ఒప్పందం సంస్థ నియమావళికి లోబడి ఉండాలి.

హవల్దారు గారి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది. రక్షణ శాఖ పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ విధానంలో నడుస్తున్నాయి. అందులో ఆయన చిరునామా డోర్ నంబరు, పిన్‌కోడ్‌లతో ఉంది, వార్డు పేరు ఎక్కడా లేదు. ఆధార్‌లోనూ అంతే. కాబట్టి మార్పించుకోవాల్సింది ఏమీ లేదు. చిరునామాలో 'కింది వార్డు' అని రాయించుకున్నవారు ఎవరైనా ఉంటే, వారికి కూడా డోర్ నంబరు మారనంతవరకు ఉత్తరం వచ్చి చేరుతుంది.

నామకరణం వేరు, పేరు మార్పు వేరు

పేరు లేనిదానికి పేరు పెట్టడం నామకరణం. ఉన్న పేరు తీసి ఇంకోటి పెట్టడం పేరు మార్పు. ఉన్న పేరు అలాగే ఉంచి, గోడకు ఒక శిలాఫలకం బిగించి 'ఫలానావారి స్మృత్యర్థం' అని రాయడం అంకితం. ఈ మూడింటినీ 'పేరు పెట్టడం' అనే ఒక్క మాటతో చెప్పుకుంటాం. గొడవల్లో సగం అక్కడే మొదలవుతాయి.

2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లోని 21 దీవులకు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అప్పటివరకు అవి పేరు లేని దీవులు. ఎవరి పేరూ తీసేయలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తగల్లేదు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం సంగతి దీనికి పూర్తిగా భిన్నం. 1986లో నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. 2022 సెప్టెంబరులో శాసనసభ దాన్ని వైఎస్ఆర్ పేరుకు మార్చింది. ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. రెండుసార్లూ చట్ట సవరణ తప్పలేదు, ఎందుకంటే విశ్వవిద్యాలయం పేరు చట్టంలోనే రాసి ఉంటుంది.

అదే 2022లో గుంటూరు జిన్నా టవర్ పేరు మార్చాలన్న డిమాండ్ గట్టిగా వినిపించింది. పేరు అలాగే ఉంది, టవర్‌కు మాత్రం ఫిబ్రవరిలో మువ్వన్నెల రంగు వేశారు. ఆ ఏడాది మే నెలలో కోనసీమ జిల్లా పేరుకు ముందు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనపై అమలాపురంలో హింస చెలరేగింది. అక్కడ పాత పేరును తీసేయలేదు, పక్కన ఇంకో పేరు చేర్చారు. చేర్చడం కూడా కొందరికి మార్పులాగే కనిపిస్తుందని అప్పుడు తెలిసివచ్చింది.

మరి 'కింది వార్డు' అనేది పేరేనా? కాగితం మీద చూస్తే కాదు, అది ఒక గుర్తు మాత్రమే. అందుకే దాత దృష్టిలో ఇది నామకరణం. ఏళ్ల తరబడి ఆ మాటే వాడుతూ వచ్చినవారికి మాత్రం అది పేరే. విజయవాడ రైల్వే స్టేషన్ కోడ్ నేటికీ బీజెడ్ఏ. ఊరి పేరు మారినా బెజవాడ అక్షరాలు టికెట్ల మీద ఉండిపోయాయి. వాడుక అంత గట్టిది.

సంతకం ఎవరిది?

మన దేశంలో మాజీ సైనికుల్లో అత్యధికులు పింఛనుతో, 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకంతో సొంత ఇళ్లలోనే ఉంటారు. వారి కోసమే నడిచే సంరక్షణ గృహాలు తక్కువ. వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం పుణె దగ్గర కిర్కీలో 1974లో పెట్టిన పునరావాస కేంద్రం, మొహాలీలోని కేంద్రం పేరున్నవి. సైనిక విశ్రాంతి గృహాలను సైనిక సంక్షేమ శాఖ చూసుకుంటుంది. జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరే అధ్యక్షులు. మిగిలినవి చాలావరకు సేవాసంస్థలు నడిపే వృద్ధాశ్రమాలు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పవచ్చు.

సంతకం ఎవరిదన్నది దీన్నిబట్టే తేలుతుంది. ప్రభుత్వ భవనమైతే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. ప్రైవేటు సొసైటీ అయితే కార్యవర్గం, ట్రస్టు అయితే ధర్మకర్తలు తీర్మానించాలి. బయటి వీధికి కూడా ఆ పేరే పెట్టాలంటే నగరపాలక సంస్థ దగ్గరకు వెళ్లాలి. విగ్రహం పెట్టాలనుకుంటే అది వేరే కథ: రోడ్లు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. ప్రహరీ లోపల, సొంత స్థలంలో బోర్డు పెట్టుకోవడానికి ఆ అడ్డు లేదు.

అమెరికాలో వార్డుకు కూడా చట్టం కావాలి

మన దగ్గర కార్యవర్గ సమావేశంలో అరగంటలో తేలే విషయం అమెరికాలో పార్లమెంటు దాకా వెళ్తుంది. అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖకు దేశమంతటా ఆసుపత్రులు, సంరక్షణ గృహాలు ఉన్నాయి. వాటి పేర్ల గురించి అమెరికా చట్ట సంహిత 38వ భాగంలోని 531వ సెక్షన్ ఒక కట్టుబాటు పెట్టింది. శాఖకు చెందిన ఏ భవనానికైనా, దానిలోని ఒక విభాగం లేదా అంతస్తులాంటి ముఖ్య భాగానికైనా, అది ఉన్న ప్రాంతం పేరు మాత్రమే పెట్టాలి. వ్యక్తి పేరు పెట్టాలంటే దాని కోసం ప్రత్యేకంగా చట్టం చేయాలి. అలా చేసిన చట్టంతోనే పెన్సిల్వేనియాలోని బట్లర్ టౌన్‌షిప్‌లో ఉన్న సంరక్షణ విభాగానికి వియత్నాం యుద్ధంలో మరణించిన సార్జంట్ జోసెఫ్ జార్జ్ కుసిక్ పేరు వచ్చింది. వైద్య కేంద్రం ప్రాంగణంలో ఒక భాగం అది. దానికోసం రెండు సభలూ ఆమోదించి, అధ్యక్షుడు సంతకం చేయాల్సి వచ్చింది.

ఇంత తతంగం ఎందుకంటారా? మాజీ సైనికులు కోటికి పైగా ఉంటారు, భవనాలు వేలల్లోనే ఉంటాయి. ఎవరిని ఎంచుకున్నా మిగిలిన కుటుంబాలకు వెలితి మిగులుతుంది. ప్రాంతం పేరయితే అది అందరిదీ. ఆ కట్టుబాటును దాటాలంటే బహిరంగంగా చర్చించి, రికార్డులో కారణం చెప్పి దాటాలి. అధికారి ఇష్టానికి, దాత ఒత్తిడికి అక్కడ చోటు తగ్గుతుంది. దీనికి నష్టమూ ఉంది. పలుకుబడి ఉన్న ప్రతినిధి దొరికిన ఊరి సైనికుడికే గౌరవం దక్కవచ్చు, అడిగేవారు లేని సైనికుడు మరుగున పడిపోవచ్చు.

లండన్‌లో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. 1682లో రెండో చార్లెస్ రాజు స్థాపించిన రాయల్ హాస్పిటల్ చెల్సీ ఇప్పటికీ వృద్ధ సైనికుల నివాసమే. అందులో 2009లో ప్రారంభమైన వైద్య సంరక్షణ భవనానికి మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ పేరు పెట్టారు. ఆమె సైనికురాలు కాదు. సైనికుల ఇంట్లో ఒక భాగానికి రాజకీయ నాయకురాలి పేరు పెట్టవచ్చా అన్న ప్రశ్నకు ఆ సంస్థ పెట్టవచ్చనే జవాబిచ్చింది. 2013లో ఆమె మరణించాక చితాభస్మాన్ని కూడా ఆ ప్రాంగణంలోనే ఉంచారు.

డబ్బు ఇచ్చినవారు, చాకిరీ చేసినవారు

దాత పేరు అంటే కొందరు ముఖం చిట్లిస్తారు. తెలుగునాట అది కొత్తేమీ కాదు. సత్రాల గదుల మీద, తిరుమల కాటేజీల గోడల మీద, గుడిలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు చూస్తూ పెరిగినవాళ్లం మనం. విజయవాడలో తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం పేరులోనే ఒక ఇంటిపేరు, ఒక వాగ్గేయకారుడు కలిసి ఉన్నారు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగానికి, అమెరికాలో స్థిరపడిన గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థిని ఒకరు 2022లో 20 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఆమె పేరు పెడతామంటే వద్దని, మరణించిన తన భర్త పేరు పెట్టమన్నారు. అలాంటి దానాన్ని, ఆ కోరికను తక్కువ చేసి మాట్లాడడం తప్పు. పైకప్పు కారుతుంటే ముందు కావాల్సింది సిమెంటు. ఒక పేరు గోడ మీద కనిపిస్తే ఇంకో దాతకు కూడా ఇవ్వాలనిపిస్తుంది.

రెండో పక్షం వాదనకూ అంతే బరువు ఉంది. సైనికుల ఆశ్రమం అనేది ఒక వృత్తి గౌరవంతో కట్టిన ఇల్లు. అక్కడ పేరు రావడానికి కొలత డబ్బు అయితే, ఇరవై ఏళ్లు సరిహద్దులో ఉండి వచ్చినవాడికి తన సేవ ఆ కొలతకు అందదని అనిపిస్తుంది. పదకొండేళ్లు ఒళ్లు తుడిచి, పుండ్లకు కట్టు కట్టి, రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలికిన మనిషికి తీర్మానం చేయించగల బంధువులు ఉండరు. ఆయన తరఫున మాట్లాడగలిగింది ఆ మంచాల మీద ఉన్నవాళ్లే, వారిలో సగం మందికి నిన్నటి సంగతి గుర్తుండదు.

ఎవరి పేరూ వద్దు, తూర్పు వార్డు, పడమటి వార్డు అంటే చాలు అనేవారూ ఉన్నారు. అమెరికా చట్టంలో ఉన్నది ఆ ఆలోచనే. నా మట్టుకు నాకు ఈ మధ్యేమార్గం కాస్త పొడిగా అనిపిస్తుంది. మనుషులు తమకు మేలు చేసినవారి పేరు పలకాలనుకుంటారు. అయితే తగవు ముదిరిన చోట కొన్నాళ్లు ఆగడానికి అది పనికొస్తుంది.

ముప్పై లక్షల లెక్క

మనసు నొచ్చుకునే వాదనలు పక్కనపెట్టి ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే. వార్డు మరమ్మతుకు దాత 30 లక్షలు ఇస్తారు అనుకుందాం. అందులో 20 మంచాలు. ఒక్కొక్కరికి భోజనం, మందులు, ఆయాల జీతాలు, డైపర్లు కలిపి నెలకు 15 వేలు అనుకుంటే, నెలకు 3 లక్షలు, ఏడాదికి 36 లక్షలు అవుతుంది. అంటే దాత ఇచ్చిన మొత్తం ఆ వార్డు పది నెలల ఖర్చుతో సమానం. పేరు మాత్రం భవనం ఉన్నంతకాలం ఉంటుంది.

అలాగని దానం చిన్నదైపోదు. పేరుకు గడువు పెట్టుకోవడం మంచిదని మాత్రం ఈ లెక్క చెబుతుంది. ఇరవై ఏళ్లకు అని రాసుకుంటే ఏడాదికి లక్షన్నర చొప్పున పేరు నిలుస్తుంది. గడువు తర్వాత కుటుంబం మళ్లీ సాయం చేస్తే కొనసాగించవచ్చు, లేకపోతే ఆ పేరును ప్రవేశద్వారం దగ్గర దాతల ఫలకం మీదకు మార్చవచ్చు. భవనం కూల్చి కొత్తది కడితే ఏం చేయాలి, దాత మిగిలిన వాయిదా ఇవ్వకపోతే ఏం చేయాలి, పేరున్న వ్యక్తి మీద తర్వాత తీవ్రమైన నేరం రుజువైతే ఏం చేయాలి అన్నవి కూడా మొదటిరోజే రాసుకోవాల్సినవి.

స్థలాన్నే గిఫ్టు దస్తావేజు రాసి ఇస్తూ 'నా తండ్రి పేరు ఉంటేనే' అనే షరతు పెడితే ఇంకా జాగ్రత్త అవసరం. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 126వ సెక్షన్ ప్రకారం, దాత ఇష్టానిష్టాలతో సంబంధం లేని ఫలానా సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకోవచ్చు. దాత తనకు తోచినప్పుడు వెనక్కు తీసుకోవచ్చు అనే షరతు చెల్లదు. 'పేరు తీసేస్తే స్థలం వెనక్కి' అని రాయించుకున్నారంటే, రేపటి కార్యవర్గం బోర్డు తిప్పేటప్పుడు స్థలాన్నే పణంగా పెడుతుంది. అలాంటి దస్తావేజు న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయడం ఆశ్రమానికి ముప్పు.

ఓటు సభ్యులది, ఇల్లు నివాసులది

సొసైటీలో ఓటు సభ్యులకు ఉంటుంది. అక్కడ నివసించేవారు సభ్యులు కాకపోవచ్చు. కాబట్టి చట్టం దృష్టిలో హవల్దారు గారిని అడగకుండానే ఆయన పడుకునే గది పేరు మార్చవచ్చు. ఇది సరైనదేనా? నిర్వాహకులు చెప్పే మాటలో న్యాయం ఉంది: నివాసులు మారుతూ ఉంటారు, సంస్థ వందేళ్లు నడవాలి, ప్రతి నిర్ణయానికీ చేతులెత్తిస్తే పని సాగదు. నివాసుల మాటలోనూ న్యాయం ఉంది: ఆసుపత్రిలో వార్డు అంటే నాలుగు రోజులు ఉండి వెళ్లే చోటు, ఇక్కడ వార్డు అంటే చివరి ఇల్లు. ఇంటి పేరు మార్చేటప్పుడు ఇంట్లోవాళ్లను అడగడం మర్యాద.

పేరు ఎవరిదైతే వారి కుటుంబాన్ని అడగడం కూడా అంతే అవసరం. నర్సింగ్ అసిస్టెంటు గారి భార్యను అడిగితే, ఆమె ముందు ఒకే మాట అన్నారట: "ఆయన పేరు కింద మురికి ఉంటే నేను చూడలేను." వార్డు నిర్వహణ బాగా లేకపోతే ఆ నింద పేరు మీద పడుతుందని ఆమె భయం. బోర్డు పెట్టేవారు మరిచిపోయే విషయం ఇది.

బోర్డు మీద ఏమి రాయాలి

సైనికుడి పేరు రాసేటప్పుడు హోదా ముందు వస్తుంది, 'రిటైర్డ్' అనే మాట పేరు తర్వాత వస్తుంది. 'రిటైర్డ్ హవల్దార్ ఫలానా' అని బయట అంటాం కానీ, హోదాకు విరమణ ఉండదన్నది సైన్యం సంప్రదాయం. రాజ్యాంగంలోని 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులు ఇవ్వడాన్ని నిషేధిస్తూనే సైనిక, విద్యాసంబంధమైన గౌరవాలను మినహాయించింది. అందుకే 'హవల్దార్', 'డాక్టర్' పేరు ముందు రాయవచ్చు. పద్మ పురస్కారాలను మాత్రం పేరుకు ముందో వెనుకో బిరుదులా తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. మన ఊళ్లో ఎన్ని శిలాఫలకాలు ఈ తీర్పుకు విరుద్ధంగా ఉన్నాయో ఒకసారి చూడండి.

'అమరవీరుడు' అన్న మాట దగ్గర కూడా ఆగాలి. మనం గుండెల నిండా వాడే మాటే అయినా, దానికి సమానంగా ఆంగ్లంలో వాడే 'మార్టిర్' అనే మాటను వాడవద్దని సైన్యం 2022 ఫిబ్రవరిలో తన విభాగాలకు సూచించింది. విధి నిర్వహణలో ప్రాణత్యాగం చేసినవారు అని రాయమంది. మత విశ్వాసం కోసం చనిపోయినవారికి వాడే మాట అది, సైనికుడు దేశం కోసం చనిపోతాడు అన్నది దాని వెనుక కారణం. తెలుగు మాటకు ఆ మతపరమైన ఛాయ లేదు. అయినా రిటైరై, పడక మీద కన్నుమూసిన నర్సింగ్ అసిస్టెంటుకు ఆ మాట రాస్తే నిజం తప్పుతుంది. ఆయన చేసిన పని ఏమిటో రెండు ముక్కల్లో రాస్తే చాలు.

ఇక అన్నిటికంటే నేలమీద ఉన్న విషయం. మతిమరుపు ఉన్నవారు పేర్లు చదివి దారి తెలుసుకోరు. ఆ వార్డులో ఒక పెద్దాయన రోజూ సాయంత్రం తోటలోంచి తిరిగి వస్తూ తలుపు పక్క నీలం అంచు ఉన్న పాత బోర్డును అరచేత్తో తడిమి లోపలికి వెళ్తారు. నేను రెండుసార్లు చూశాను. ఆ అంచు పోతే ఆయన వరండాలోనే నిలబడిపోతారు. 108 అంబులెన్సుకు ఫోను చేసే వాచ్‌మన్ పాత పేరు చెప్పి, డ్రైవరు కొత్త బోర్డు వెతుక్కుంటే విలువైన నిమిషాలు పోతాయి. కేసు షీట్లు, మందుల చీటీలు, అగ్నిమాపక పటం, ఆక్సిజన్ సిలిండర్ల దగ్గరి లేబుళ్లు అన్నీ ఒకే రోజు మారాలి. కొంతకాలం రెండు పేర్లూ కలిపి రాయాలి.

చివరికి వార్డుకు నర్సింగ్ అసిస్టెంటు గారి పేరు, భోజనశాలకు దాత తండ్రి పేరు అని ఒక ప్రతిపాదన నడుస్తోంది. దాత ఇంకా జవాబు చెప్పలేదు. హవల్దారు గారు మాత్రం ఆఫీసుకు వెళ్లి ఒక కోరిక కోరి వచ్చారు. పెయింటరుకు ఇవ్వాల్సిన చీటీ నాకు చూపించారు. పేరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. దాని కింద, వణికే అక్షరాలతో: 'అదే కొలత, అదే ఎత్తు, నీలం అంచు తప్పనిసరి.'